ఇంబోల్క్ పండగకు ఆధ్యాత్మికంగా అర్థం ఏమిటి? మన సంక్రాంతి లాంటిదేనా?

చలికాలం చివర్లో, ఫిబ్రవరి 1న పేగన్లు (క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచేవాళ్లు) చేసుకునే ఇంబోల్క్‌కు ఆధ్యాత్మికంగా అర్థం ఏమిటి, అది మన సంక్రాంతి లాంటిదేనా, మనవాళ్లు చేసుకుంటే తప్పా అని అడిగారు. నేను ఐర్లండ్‌లో కిల్డేర్ కౌంటీలో ఉంటున్నాను. ఈ పండగకు కేంద్రమైన, కొందరు దేవతగా కొందరు సెయింట్‌గా కొలిచే బ్రిజిడ్ పేరు ఇక్కడ చర్చికీ, బడికీ, బావికీ అన్నింటికీ ఉంటుంది. చదివిందీ చూసిందీ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందు సంక్రాంతి సంగతి తేల్చేద్దాం. రెండూ చలిలోనే వస్తాయి, రెండింట్లోనూ మంట ఉంది, సూర్యుడి ఊసు ఉంది. పోలిక అక్కడికే సరి. సంక్రాంతి నాటికి పంట ఇంటికి వచ్చి ఉంటుంది. గాదె నిండిన ధీమాతో కొత్త బియ్యం పొంగిస్తాం. ఇంబోల్క్ నాటికి ఇక్కడి రైతు ఇంటికి వచ్చిందేమీ లేదు, పైగా ఉన్నది సగానికి తగ్గింది. పాత రోజుల్లో ఈ పండగకు రైతు కొట్టంలోకి వెళ్లి, పశువులకు దాచిన ఎండుగడ్డి ఇంకా సగం ఉందా లేదా అని చూసుకునేవాడు. ఇంట్లో తిండి సరుకు కూడా అంతే. సగం మిగిలి ఉంటే ఈ ఏడాది గట్టెక్కినట్టు. లేకపోతే పశువుల్ని అమ్ముకోవాలి, లేదా వాటిని పస్తు పెట్టాలి. నన్నడిగితే ఈ పండగ అర్థమంతా ఆ కొట్టంలోనే ఉంది. చేతికి ఏమీ రాకముందే, వస్తుందన్న నమ్మకంతో చేసుకునే పండగ ఇది.

ఇక్కడి చీకటి ఎలా ఉంటుందో చెప్పకపోతే ఆ నమ్మకం విలువ తెలియదు. డిసెంబర్ 21 ప్రాంతంలో డబ్లిన్‌లో ఉదయం 8:38కి తెల్లారి, సాయంత్రం 4:08కల్లా పొద్దుగూకుతుంది. పగలు ఏడున్నర గంటలు, అదీ మబ్బు పట్టిన పగలు. చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లో ఇంటికి రావడమే. కొత్తగా వచ్చిన మనవాళ్లకు జనవరి నెల గడవడం గండమే. ఎందుకో తెలియని దిగులు, పొద్దున లేవబుద్ధి కాకపోవడం, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకు గొంతులోనే తెలిసిపోవడం. ఫిబ్రవరి 1 వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటాక గానీ పొద్దుగూకదు. పగలు దాదాపు గంటన్నర పెరిగి ఉంటుంది. బస్టాపులో, షాపులో ఎవరు కలిసినా "సాయంత్రాలు బాగా సాగుతున్నాయి కదా" అంటారు. ఐరిష్ వాళ్లకు అది వట్టి వాతావరణం కబురు కాదు, ఒక ఊరట.

చలి మాత్రం ఏమీ తగ్గదు. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరిన్ లెక్కలో వసంతం మార్చి 1న మొదలవుతుంది. పాత ఐరిష్ లెక్కలో ఫిబ్రవరి 1నే మొదలు. వాతావరణ శాఖ ఉష్ణోగ్రతను చూస్తుంది, పాతవాళ్లు వెలుగును చూశారు. గ్లోవ్స్ వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ "వసంతం వచ్చింది" అని గట్టిగా చెప్పే జనాన్ని చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనూ అంటున్నాను.

ఇక పేగన్ సంగతి. పాత ఐరిష్ ఏడాదికి నాలుగు మూల పండగలు: నవంబర్ 1న సౌవిన్, ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బ్యాల్తినా, ఆగస్టు 1న లూనసా. పండగ పాతదే, అందులో అనుమానం లేదు. కానీ క్రైస్తవం రాకముందు జనం ఆ రోజున ఏ పూజ చేశారో, ఏ మంత్రం చదివారో రాసిపెట్టినవాళ్లు లేరు. మనకు దొరికిన రాతలన్నీ క్రైస్తవ సన్యాసుల చేతుల మీదుగా వచ్చినవే. వీరుడు కూహులిన్ పెళ్లి కథలో ఏమర్ అనే అమ్మాయి ఏడాదిలోని రుతువులు చెబుతూ ఇంబోల్క్‌ను ఎత్తుతుంది. వసంతం మొదట్లో గొర్రెల పాలు పితికే వేళ అని అక్కడ వివరణ ఉంది. ఇంచుమించు అంతే. చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ మాట కూడా ఇదే: పండగ పాతది, ఆనాటి విధానం మాత్రం మనకు దక్కలేదు. కాబట్టి నెట్‌లో ఎవరైనా "ప్రాచీన డ్రూయిడ్లు (ఆనాటి పూజారులు) ఇంబోల్క్ రాత్రి ఇలా చేసేవారు" అని వరసగా చెబుతుంటే నమ్మకండి.

ఇంకో చిన్న ముచ్చట. మీత్ కౌంటీలో తారా కొండ మీద 'బందీల దిబ్బ' అని పిలిచే రాతియుగపు సమాధి ఉంది. వయసు 5,000 ఏళ్ల పైమాటే. ఫిబ్రవరి మొదట్లో, మళ్లీ నవంబర్ మొదట్లో ఉదయించే సూర్యుడి వెలుగు దాని లోపలి దారిలోకి పడుతుంది. దాన్ని కట్టినవాళ్ల కాలానికి ఐరిష్ భాషే ఇంకా ఈ దీవికి రాలేదు. ఈ రోజులను గుర్తుపెట్టుకునే అలవాటు ఎంత వెనక్కి పోతుందో మీరే ఊహించుకోండి.

గొర్రె పాల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సూటి జవాబు అక్కడుంది. చలికాలంలో ఆవులు దాదాపు వట్టిపోతాయి. నెలల తరబడి నిలవ సరుకుతో, ఉప్పు వేసిన మాంసంతో నెట్టుకొచ్చిన ఇంటికి మొదటి తాజా ఆహారం పాలే. గొర్రె ఈనడానికి ముందే పొదుగు చేపుకొస్తుంది. పిల్ల ఇంకా కడుపులోనే ఉంది, కంటికి కనిపించదు. పొదుగు మీద చెయ్యి వేస్తే మాత్రం తెలుస్తుంది. ఇంబోల్క్ ఆ దశకు పండగ. పువ్వుకు, పండుకు పండగలు ప్రతి దేశంలోనూ ఉంటాయి. లోపల ఏదో కదిలింది అన్నంత మాత్రానికే పండగ చేసుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు బ్రిజిడ్. ఈమె గురించి ఎంత రాసినా తరగదు. కోర్మాక్ పేరు మీద ఉన్న పాత ఐరిష్ నిఘంటువు, వెయ్యేళ్ల పైబడినది, ఈమెను దగ్దా అనే దేవుడి కూతురని, కవులు కొలిచే దేవత అని చెబుతుంది. అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారట, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరానికి. కవిత్వం, వైద్యం, కొలిమి. మూడింటికీ మంట కావాలి అని ఇక్కడ చాలామంది చెబుతారు, వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం అంతకన్నా బలంగా తగిలింది వేరే కథ. దేవతల యుద్ధంలో ఈమె కొడుకు రువదాన్ చనిపోతాడు. బ్రిజిడ్ గుండెలు బాదుకుని ఏడుస్తుంది. ఐర్లండ్‌లో చనిపోయినవారి కోసం గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి అని కథ చెబుతుంది. అంటే పాటకు దేవత ఎవరో ఏడుపుకూ ఆవిడే. చీకటి నెలలు ఒంటరిగా గడిపినవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఈ పండగను "పాజిటివ్ ఎనర్జీ" పండగగా మార్చి అమ్మేవాళ్లు ఈ కథను వదిలేస్తారు.

తరవాత సెయింట్ బ్రిజిడ్. క్రీ.శ. 5, 6 శతాబ్దాల్లో కిల్డేర్‌లో మఠం పెట్టిన సన్యాసిని. ఆమె పండగ సరిగ్గా ఫిబ్రవరి 1నే. దేవతే సెయింట్‌గా మారిందా, నిజంగా ఉన్న మనిషికి దేవత కథలు అంటుకున్నాయా అన్నది పండితులు ఈనాటికీ వాదించుకుంటున్న విషయం. కథలు మాత్రం అటూ ఇటూ కానివిగా ఉంటాయి. ఆమె తల్లి బానిస. పొద్దు పొడిచే వేళ పాల కుండతో ఇంట్లోకి వస్తూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగా ఈమెను కన్నదట. పగలూ కాదు రాత్రీ కాదు, ఇంటా కాదు బయటా కాదు. అలాంటి బిడ్డ పేరున, చలికీ వసంతానికీ మధ్య పడే పండగ! గడప విలువ మనకు వేరే చెప్పక్కర్లేదు కదా, పసుపు రాసి ముగ్గేస్తాం. నా వరకు ఈ కథ ఒక్కటి చాలు, పండగ దేని గురించో అర్థం కావడానికి.

ఇంకో కథ వింటే మీకు వెంటనే వామనుడు గుర్తొస్తాడు. మఠానికి స్థలం ఇమ్మని బ్రిజిడ్ ఇక్కడి లైన్‌స్టర్ ప్రాంతపు రాజును అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "పోనీ, నా దుప్పటి కప్పినంత మేర ఇవ్వు" అంది. రాజు నవ్వి సరే అన్నాడు. దుప్పటి పరిస్తే అది నాలుగు దిక్కులా పాకి కురా మైదానం మొత్తాన్ని కప్పేసింది. ఆ కురా ఇప్పటికీ ఉంది, కంచెల్లేని పెద్ద పచ్చిక బయలు. అటువైపు గుర్రప్పందేలు, ఇటువైపు గొర్రెలు. ఫిబ్రవరిలో పొద్దున్నే ఆ రోడ్డు మీద కారులో వెళితే గొర్రెలు దారికి అడ్డంగా నిలబడి, హారన్ కొట్టినా మనల్ని పట్టించుకోవు. వాటి వీపుల మీద గుర్తుకోసం పూసిన నీలం, ఎరుపు రంగులు, తెల్లటి మంచు. కథ మాటెలా ఉన్నా, ఈ పండగ గొర్రెల కాపరులది అన్న విషయం అక్కడ సందేహం లేకుండా తెలుస్తుంది.

కిల్డేర్ నిప్పు గురించి కూడా చెప్పాలి. 12వ శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే పాదిరీ, బ్రిజిడ్ మఠంలో ఆరని నిప్పు ఉందని రాశాడు. 19 మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున కాపలా. 20వ రాత్రి ఆఖరి సన్యాసిని నిప్పు పక్కన కట్టెలు పెట్టి "బ్రిజిడ్, ఈ రాత్రి నీ వంతు" అన్నట్టు చెప్పి వెళ్లిపోతుంది. తెల్లారి చూస్తే కట్టెలు కాలి ఉంటాయి, నిప్పు ఆరదు. ఎన్నేళ్లు మండినా బూడిద పెరగదు. చుట్టూ ఉన్న కంచె దాటి మగవాడు లోపలికి పోకూడదు. ఈ నిప్పు 16వ శతాబ్దంలో, మఠాలు మూతపడ్డ కాలంలో ఆరిపోయింది. 1993లో బ్రిజిడ్ పేరు పెట్టుకున్న క్రైస్తవ సంఘం, బ్రిజిడీన్ సన్యాసినులు కిల్డేర్ సంత చౌకులో మళ్లీ వెలిగించారు. 2006 ఫిబ్రవరి 1న అప్పటి అధ్యక్షురాలు మేరీ మెక్అలీస్ అదే చౌకులో శాశ్వత జ్యోతిని వెలిగించారు. పక్కనున్న కెథీడ్రల్ (పెద్ద చర్చి) ఆవరణలో పాత నిప్పు గుడిదని చెప్పే రాతి పునాది కనిపిస్తుంది. చిన్న చదరం, అంతే. పెద్ద గుడి ఊహించుకుని వెళితే నిరాశ పడతారు.

నేను దగ్గరగా చూసింది ఇళ్లలో జరిగే భాగం. పండగ ముందు రోజు, జనవరి 31 సాయంత్రం, పక్కింటి పెద్దావిడ పెరట్లో కంచె మీద ఒక తెల్లటి నూలు గుడ్డ ఆరేస్తుంది. వాన పడుతున్నా సరే. ఆ రాత్రి బ్రిజిడ్ ఈ దారిన పోతూ దాన్ని తాకుతుందని నమ్మకం. తెల్లారి ఆ గుడ్డను మడిచి బీరువాలో పెడుతుంది, ఇంట్లో ఎవరికైనా తలనొప్పి వస్తే నుదుటికి కడుతుంది. వాళ్ల నాన్న ఈనలేక అవస్థ పడుతున్న ఆవు వీపు మీద కప్పేవాడట. "ఆవిడ దేవతా, సెయింటా?" అని ఒకసారి అడిగాను. "ఆ గొడవ నాకెందుకమ్మా, వస్తుందా రాదా అన్నదే కదా" అంది. ఆవిడ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. పేగన్ అంటే ఒప్పుకోదు!

రెండోది రష్ గడ్డితో చేసే శిలువ. మన తుంగలాగా నీళ్లు నిలిచే చోట పెరిగే గడ్డి అది. కత్తితో కోయకూడదు, చేత్తోనే పెరకాలి అంటారు. కాడ పచ్చగా, నున్నగా ఉంటుంది, లోపల మెత్తటి తెల్లటి బెండు. ఒక కాడను నిలువుగా పట్టుకుని, ఇంకోదాన్ని దాని నడుమ మడవాలి. పావు చుట్టు తిప్పి మూడోది మడవాలి. మళ్లీ తిప్పి మళ్లీ మడవడం. ఎక్కడా ముడి ఉండదు, ఒక కాడ ఇంకోదాన్ని పట్టి ఉంచుతుంది. నడుమ బొటనవేలు కాస్త సడలినా మొత్తం విచ్చుకుంటుంది, అందుకే పిల్లలు చేసేటప్పుడు ఇంట్లో ఒకటే గోల. చివర్లో నాలుగు కొసలూ దారంతో కట్టేసి, గుమ్మం పైన పెడతారు. నిప్పు ప్రమాదాలు, జబ్బులు, ఆకలి ఇంట్లోకి రాకుండా. నాలుగు చేతులూ ఒకే వైపు తిరిగినట్టు ఉండటంతో మనవాళ్లకు స్వస్తిక్ గుర్తొస్తుంది. అది సూర్యచక్రం అని కొందరు గట్టిగా చెబుతారు గానీ నాకు నమ్మకం కలగలేదు. 1961లో ఇక్కడ టీవీ మొదలైనప్పుడు ప్రభుత్వ ఛానెల్ గుర్తు కూడా ఈ శిలువే.

పాత పద్ధతిలో ఈ రష్ కాడల్ని ఇంట్లోకి తేవడమే పెద్ద తంతు. ఇంటి ఆడపిల్ల కాడల కట్టతో బయట నిలబడి తలుపు కొట్టేది. "మోకాళ్ల మీద కూర్చోండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ను రానివ్వండి" అనేది. లోపలివాళ్లు "రా తల్లీ, రా" అని పిలిచేవాళ్లు. ఆ తరవాతే భోజనం. కెర్రీ కౌంటీలో అయితే గడ్డి టోపీలు పెట్టుకుని, బ్రిజిడ్ బొమ్మను మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే 'బిడ్డీ' బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని ఊళ్లలో ఆ రోజు చక్రం తిరిగే పని, అంటే రాట్నం, బండి లాంటివి ముట్టేవారు కాదు.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ పండగలో దేవుడి దగ్గరికి మనం పోము. ఆవిడే వస్తుంది. మనం చేయాల్సింది తలుపు తీసి ఉంచడం, బయట ఒక గుడ్డ పెట్టడం, పొయ్యి ఆరకుండా చూసుకోవడం. ఇళ్లలో జరిగే ఈ భాగంలో మొక్కులు, ఉపవాసాలు లేవు. ఇంటిని సిద్ధం చేసుకుని ఎదురుచూడటమే సాధన.

ఇక ఈ కాలపు పేగన్లు, వాళ్లలోనే ఒక శాఖ అయిన విక్కన్లు. వాళ్లు ఏడాదికి ఎనిమిది పండగల చక్రం పాటిస్తారు. ఆ ఎనిమిదింటినీ ఒక చక్రంగా కూర్చింది 20వ శతాబ్దం నడుమ, ఇంగ్లండ్‌లో. ఇంబోల్క్ వాళ్లకు శుద్ధి, కొత్త సంకల్పం, దీక్ష. ఇల్లు దులుపుతారు, ప్రతి గదిలో కొవ్వొత్తి వెలిగిస్తారు, పాలు, రొట్టె నైవేద్యం పెడతారు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు రుతువులు తిరగబడతాయి కాబట్టి ఆగస్టు 1 ప్రాంతంలో చేసుకుంటారు. కొత్తది కాబట్టి దొంగది అని నేననను. మన పండగల్లోనూ తాతల కాలంలో లేనివి ఎన్ని చేరలేదు? కాకపోతే ఫలానా రంగు కొవ్వొత్తి, ఫలానా రాయి, ఫలానా నూనె కొంటేనే ఇంబోల్క్ అనే ధోరణి మాత్రం నాకు నచ్చదు. సగం ఖాళీ అయిన కొట్టం నుంచి పుట్టిన పండగకు షాపింగ్ లిస్టు ఏమిటి?

మనవాళ్లు చేసుకోవచ్చా అంటే, నిరభ్యంతరంగా. ఇక్కడ ఎవరూ అడ్డు చెప్పరు, ఇంకా సంతోషిస్తారు. రథసప్తమి కూడా చాలా ఏళ్లలో ఇటూ అటూగా ఇదే రోజుల్లో పడుతుంది. మా ఇంట్లో జిల్లేడాకులు దొరక్కపోయినా ఆ స్నానం ఆ స్నానమే, గుమ్మం మీద రష్ శిలువ శిలువే. రెండూ ఒకటేనని నిరూపించే ప్రయత్నం నేను చేయను. మీరు ఇండియాలో ఉంటే మాత్రం తేదీ పట్టుకుని అనుకరించడంలో అర్థం లేదనుకుంటాను. ఫిబ్రవరికి మన దగ్గర ఎండ ముదురుతూ ఉంటుంది, ఆకలి రోజులకూ పాలకూ ఉన్న ఈ లెక్క అక్కడ కుదరదు.

ఐర్లండ్‌లో ఉంటే ఒకసారి కిల్డేర్ వచ్చి చూడండి. 2023 నుంచి బ్రిజిడ్ పేరున ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు, ఈ దేశంలో ఒక స్త్రీ పేరు మీద వచ్చిన మొదటి సెలవు అదే. ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తారు, 1వ తేదీ శుక్రవారం పడితే ఆ శుక్రవారమే. 2027లో 1వ తేదీ సోమవారమే కాబట్టి పండగా సెలవూ ఒకే రోజు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలు ఉంది. ఊళ్లో జ్యోతి, కెథీడ్రల్ చూసుకుని, బ్రిజిడ్ పేరున నడిచే సోలస్ బ్రీదా కేంద్రంలో ఆ వారం జరిగే కార్యక్రమాలు కనుక్కోండి, శిలువ అల్లడం అక్కడ నేర్పుతారు. తరవాత ఊరికి దగ్గర్లో టల్లీ అనే చోట ఉన్న బ్రిజిడ్ బావికి వెళ్లండి. బావి పక్క చెట్టుకు జనం మొక్కి కట్టిన గుడ్డ పీలికలు, రిబ్బన్లు, పిల్లల సాక్సులు కూడా వేలాడుతుంటాయి. మీరూ కట్టాలనుకుంటే నూలుది కట్టండి, పాలిస్టర్ కుళ్లదు, కొమ్మను కోసేస్తుంది. దారి బురదగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకుని రండి.